దొంగతనం వార్తలో కులం పేరెందుకు?

సంపాదకులకు నమస్కారం.

మా చంద్రగిరి వైపు ఈ మధ్య ఒక ఇంట్లో బంగారం పోయింది. ఎవరూ దొరక్కముందే ఒక పత్రిక ‘ఎరుకల ముఠా పనేనా?’ అని పెద్దక్షరాలతో వేసింది.

నేను ఎరుకల బిడ్డను, టీచర్‌ని. మా అమ్మ ఇప్పటికీ వెదురు చాటలు, బుట్టలు అల్లి తిరుపతి వీధుల్లో అమ్ముతుంది. ఇరవై ఏళ్లుగా చాటలు కొనే ఇంటావిడ ఆ రోజు గేటు తీయలేదు. కిటికీలోంచే ‘ఇప్పుడేం వద్దులేమ్మా’ అనింది. అమ్మ నెత్తిమీది తట్ట దించకుండానే ఇంటికొచ్చి, ఆ పేపరు నాచేత రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి నాకు గొంతు పెగల్లేదు.

పుట్టుకతోనే నేరస్తులని ముద్రవేసిన 1871 నాటి చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. మా తాతలు పోలీసులకు హాజరు వేయించుకుంటూ బతికారు. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయింది. మరి శీర్షికల్లోంచి ఎందుకు పోలేదు? వేరే కులాలవాళ్లు దొంగతనం చేస్తే కులం పేరు రాయరే! కించపరిచేలా కులం ప్రస్తావించవద్దని ప్రెస్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది. దాన్ని మీ డెస్కులో, విలేకరుల చేతిలో ఒక్కో కాపీ పెట్టండి. దొంగ దొరికితే అతని పేరు రాయండి, మా కులం పేరు కాదు.

– ఒక ఉపాధ్యాయురాలు, చంద్రగిరి, తిరుపతి జిల్లా