దోర్నాల గేటు దగ్గరే బ్రేకులు చూడాలి

అయ్యా,

చలి మొదలైతే చాలు, 'హ్యాండ్‌బ్రేక్ వేసి పడుకోవద్దు, మంచుకు గడ్డకట్టి పట్టేస్తుంది' అనే మెసేజ్ ఫోన్లలో తిరుగుతుంది. లడఖ్ వాళ్లకు చెప్పాల్సిన మాట అది. ఒంగోలులో నీళ్లు గడ్డకట్టే చలి ఎక్కడిది? మన దగ్గర చలికాలంలో బ్రేకులకు వచ్చే ఇబ్బంది తేమతో. అంతకంటే ఎక్కువగా, ఏళ్ల తరబడి మార్చని బ్రేక్ ఆయిల్‌తో.

కార్తీకం నుంచి శివరాత్రి దాకా మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే కార్లకు లెక్కుండదు. అడవిలో రాత్రి రాకపోకలు ఆపేస్తారు కాబట్టి తెల్లవారుజామున దోర్నాల గేటు ముందు బళ్లు బారులు తీరతాయి. రాత్రంతా మంచుకు తడిసిన డిస్కుల మీద సన్నగా తుప్పు పడుతుంది. మొదటి నాలుగైదు బ్రేకులకు గరగరలాడి అదే పోతుంది, భయపడక్కర్లేదు. ఆ నాలుగైదు బ్రేకులు నెమ్మదిగా వెళ్తూ వేయాలి, అంతే. గేటు ఎత్తీ ఎత్తగానే ముందు బండిని దాటేయాలనుకునే వాళ్లకు ఆ ఓపిక ఎక్కడుంటుంది?

అసలు ముప్పు ఘాట్ దిగేటప్పుడు. బయట చల్లగాలి వీస్తుంటే బ్రేకులు కాలిపోతున్నాయని ఎవరికీ అనుమానం రాదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కార్లలో ఎక్కువగా వాడే బ్రేక్ ఆయిల్ రకమైన డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగిందా, పైపుల్లో ఆవిరి చేరి పెడల్ అడుగుకంటా దిగిపోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి మార్చమని చాలా కార్ల కంపెనీలు చెబుతున్నా, ఇంజన్ ఆయిల్ తేదీ గుర్తుపెట్టుకునే వాళ్లు కూడా దీని ఊసెత్తరు. సర్వీసింగ్‌లో 'టాప్ అప్ చేశాం సార్' అంటే తలూపి వచ్చేస్తాం.

ఇది చాలదన్నట్టు, డీజిల్ మిగులుతుందని ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో దించే ఘనులున్నారు. ఇంజన్ ఆగితే రెండు మూడు సార్లు తొక్కేసరికి, మన కాలి బలాన్ని పెంచి బ్రేకుకు అందించే బూస్టర్ చేతులెత్తేస్తుంది. ఆపైన పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది, స్టీరింగూ బరువెక్కుతుంది. రెండో గేర్లో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది కదా!

పొగమంచు సంగతి సరేసరి. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ముందు 20 మీటర్లే కనిపిస్తుంటే బ్రేకు ఎంత మంచిదైనా ఏం లాభం? పైగా హైబీమ్ వేస్తే ఆ వెలుతురు మంచుకు తగిలి మన కళ్లలోనే కొడుతుంది.

గేటు దగ్గర బళ్లు ఎలాగూ ఆగుతాయి. రవాణా శాఖ వాళ్లు అక్కడ ఇద్దరు మనుషుల్ని పెట్టి పెడల్ తొక్కి చూడమనాలి. బ్రేక్ ఆయిల్‌లో తేమ ఎంతుందో చూపే టెస్టర్ పెన్నులు వందల రూపాయల్లోనే దొరుకుతాయి. సొంత కార్లకు చలానాలు రాయనక్కర్లేదు, హెచ్చరించి మెకానిక్ దగ్గరికి పంపితే చాలు. పసుపు ప్లేటు బళ్లకు మాత్రం ఈ తనిఖీ తప్పనిసరి చేయాలి, ఎందుకంటే వెనక సీట్లో కూర్చున్న భక్తుడు బానెట్ ఎత్తి చూసుకోలేడు. రద్దీ ఎక్కువగా ఉండే కార్తీక సోమవారాలతో మొదలుపెట్టినా మంచిదే.

– ఒక పాఠకుడు, ఒంగోలు