వేషం సరే, ఒప్పుకున్న మాట నిజమేనా?

సంపాదకులకు,

బీడీఎస్‌ఎం (కట్టేయడం, ఆధిపత్యం, లొంగుబాటు, నొప్పి కలిసిన లైంగిక ఆట) మీద పత్రికల్లో అరుదుగా వచ్చే రాతలు రెండు రకాలు. ఒకటి దాన్ని హింస అంటుంది, రెండోది ఉత్త నటన అని కొట్టిపారేస్తుంది. ఇష్టపడి, ముందే మాట్లాడుకుని ఇందులోకి వచ్చే పెద్దవాళ్ల విషయంలో రెండూ తప్పే. వేషం ఉన్నమాట నిజం. ఆ వేషంలో ఉండగా కలిగే భయం, సిగ్గు, నమ్మకం, ఊరట మాత్రం వేషాలు కావు. రంగస్థలం మీద రాక్షసుడికి పట్టే చెమట నిజం చెమటే కదా, ఇదీ అంతే. పాత్ర కల్పితం కావచ్చు గానీ దానికి ఒప్పుకున్న మనిషి మాట అబద్ధం కాకూడదు. లేని ఇష్టాన్ని చూపించడం, బాధ దిగమింగుకుని 'బానే ఉంది' అనడం, సంబంధం చెడేది ఇక్కడే.

వైద్యం కూడా దాదాపు ఈ గీతే గీసింది. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం రుగ్మతల పుస్తకం), భిన్నమైన కోరిక ఉండటం వేరు, అది రుగ్మత కావడం వేరు అని విడదీసింది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా ఐసీడీ-11లో, పరస్పర సమ్మతితో సాగే శాడోమసోకిజం (నొప్పి ఇవ్వడంలో, పొందడంలో ఆనందం) రుగ్మతగా లేదు. ఎదుటివారికి ఇష్టం లేకుండా బాధ పెట్టి ఆనందించే ధోరణి మాత్రం ఉంది.

రోల్‌ప్లే (పాత్రలు వేసుకుని ఆడే ఆట) ఎంచుకునేటప్పుడు 'ఏం చేద్దాం' అని మొదలుపెట్టే జంటలే ఎక్కువ. 'నీకు ఏం అనిపించాలి' అని ముందు అడగాలి. యజమాని, సేవకుడు అనే ఒకే ఆటను ఒకరు కాసేపు ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేని హాయి కోసం కోరుకుంటారు, ఇంకొకరు తిట్లు తినడం కోసం. ఇది తేల్చుకోకపోతే ఒకరికి హాయిగా ఉన్న సీన్ (ఒక విడత ఆట) మరొకరికి అవమానంగా మిగులుతుంది. అందుకే ఈ మాటలు మామూలు వేళ, మద్యం లేకుండా, వీలైతే ఒకరోజు ముందే జరగాలి. ఇద్దరూ విడివిడిగా మూడు వరుసలు రాసుకోవాలి: కావాలి, చూద్దాం, వద్దు. రాయడం పూర్తయ్యాకే కాగితాలు మార్చుకోవాలి. పక్కవాళ్లది ముందే చూస్తే 'వద్దు' అనుకున్నది మొహమాటంతో 'చూద్దాం'లోకి జరిగిపోతుంది.

తిట్లకు వేరే జాబితా కావాలి. 'పనికిమాలినదానా' అన్న మాట ఒకరికి ఆటలో గిలిగింత. చిన్నప్పుడు ఇంట్లో రోజూ అదే మాట పడ్డవాళ్లకు పాత గాయం. ఒంటి రంగు, లావు, చదువు, సంపాదన, కన్నవాళ్లు: వీటి మీద ఏ మాట చెల్లుతుందో, ఏది చెల్లదో పేరుపేరునా అడిగి తెలుసుకోవాలి. ఆట వేడిలో ఊహించి అనేయకూడదు.

ఇక సేఫ్‌వర్డ్, అంటే ఆట ఆపడానికో తగ్గించడానికో ముందే అనుకున్న సంకేతపు మాట. 'వద్దు', 'ఆపు' అన్నవి పాత్ర చెప్పే మాటలు కూడా కావచ్చు కాబట్టి వేరే మాట పెట్టుకుంటారు. ఎరుపు అంటే ఆట ముగిసినట్టు, పసుపు అంటే తగ్గించమని, పచ్చ అంటే కానివ్వమని. వేరే మాట పెట్టుకోకపోతే 'వద్దు' అంటే వద్దనే. నోటికి కట్టు ఉంటే చేతిలో తాళాల గుత్తి ఉంచుతారు, అది కింద పడితే ఎరుపు అన్నట్టే. వీటన్నిటిలో తక్కువగా వినిపించేది పసుపు. సీన్ పాడైపోతుందని, ఎదుటివారు చిన్నబుచ్చుకుంటారని సబ్ (లొంగే పాత్రలో ఉన్నవారు) ఓర్చుకుంటారు. దీనికి విరుగుడు అభ్యాసమే. మొదటి రెండు మూడు సీన్లలో అవసరం లేకపోయినా ఒక్కసారైనా పసుపు అనాలని ముందే ఒప్పుకోవాలి. అది వినగానే డామ్ (ఆధిపత్యం చేసే పాత్రలో ఉన్నవారు) చెయ్యి ఆపి, గొంతు మామూలుగా మార్చి, అసలు పేరుతో పిలవాలి. ఆటలో వాడని పేరు చెవిన పడగానే మనిషి పాత్రలోంచి బయటికి వస్తారు. అప్పుడు కూడా 'బానే ఉన్నావా?' అని అడిగితే అలవాటుగా 'ఊఁ' వస్తుంది. 'బాధ పదిలో ఎంత?', 'కుడిచేతి వేళ్లు కదుపు' అని అడిగితే జవాబులో నిజం తెలుస్తుంది. డామ్‌కి కూడా ఎరుపు అనే హక్కు ఉంది, చాలామంది దాన్ని మరచిపోతారు.

మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోవద్దు. చూపు ఒకచోట నిలిచిపోవడం, జవాబు ఆలస్యం కావడం, ఊపిరి బిగబట్టడం కనిపిస్తే అది లొంగుబాటు కాకపోవచ్చు, మనిషి బిగుసుకుపోయి ఉండొచ్చు. ఆపి చూడాలి. అలాగే సీన్ ముదిరాక ఒంట్లో ఎడ్రినలిన్, ఎండార్ఫిన్ అనే రసాయనాల వల్ల నొప్పి మందగిస్తుంది, మనిషి దేనికైనా సరేనంటారు. ముందు అనుకోని కొత్త పనికి అప్పుడు వచ్చిన 'సరే' చెల్లదు.

ఒంటి సంగతి రెండు ముక్కల్లో. తాడు కట్టినప్పుడు బొటనవేలి వైపు చేతి వెనక తిమ్మిరెక్కినా, మణికట్టు పైకి లేవకపోయినా నరం నలుగుతోందని అర్థం. ఆ క్షణమే విప్పాలి. మొనతేలని కత్తెర చేతికందేలా ఉండాలి, కట్టిన మనిషిని ఒంటరిగా వదలకూడదు. గొంతు నొక్కడానికి సురక్షితమైన పద్ధతంటూ ఏదీ లేదు. పది సెకన్ల లోపే స్పృహ పోవచ్చు. మెడలోని రక్తనాళం చిట్లితే రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. దీన్ని నేరుగా 'వద్దు' వరుసలో రాసేయండి.

మేం అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది అసలు కోపం పాత్ర కోపంలో దూరడం గురించి. పొద్దున డబ్బు దగ్గర గొడవపడి రాత్రి 'శిక్ష' ఆట పెట్టుకుంటే పడే దెబ్బ పాత్రదో, అసలు మనిషిదో ఇద్దరికీ తెలియదు. గొడవ జరిగిన రోజు సీన్ వద్దు. ఆట పేరుతో ఫోను లాక్కోవడం, జీతం పట్టుకోవడం, స్నేహితుల్ని మాన్పించడం మొదలైతే, అవి కాగితంలో లేనివైతే, దాన్ని రోల్‌ప్లే అనడానికి వీల్లేదు. చట్టం సంగతీ తెలిసి ఉండాలి: ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 గృహహింస చట్టం ప్రకారం, లైంగిక సంతృప్తి కోసం సమ్మతితోనే జరిగిందన్న వాదన తీవ్ర గాయాలకు పనికిరాదు.

పాత్రలోకి దిగినంత శ్రద్ధగా పాత్రలోంచి బయటికీ రావాలి. ఆటలో మెడకు పట్టీ పెట్టి ఉంటే దాన్ని డామ్ స్వయంగా తీసి, పేరుతో పిలిచి, మంచినీళ్లు ఇచ్చి, దుప్పటి కప్పి కనీసం అరగంట పక్కన కూర్చోవాలి. ఆ అరగంటలో సీన్ గురించి తప్పొప్పులు ఎత్తకూడదు, అది మర్నాటి పని. ఒకటి రెండు రోజుల తర్వాత కారణం తెలియని ఏడుపు, నీరసం, వెలితి రావచ్చు. దాన్నే డ్రాప్ అంటారు. డామ్‌కీ వస్తుంది: 'అలాంటి మాటలు నా నోట ఎలా వచ్చాయి' అని. అందుకే రెండో రోజు ఇద్దరూ మళ్లీ పలకరించుకుని, నిన్నటి మాటల్లో ఏది ఇంకా గుచ్చుకుంటోందో చెప్పుకోవాలి. ఆ మాటను జాబితాలోంచి కొట్టేయాలి.

ఈ సంబంధాల మీద మీ విలేకరులు ఎవరినైనా పలకరిస్తే, ఏ పరికరాలు వాడారని అడగడం కన్నా ఇది అడగమని మా మనవి: ఎరుపు అన్నాక ఏం జరిగింది? వెంటనే ఆగిందా, లేక తర్వాత మూడు రోజులు ఎదుటివారు మూతి ముడుచుకుని తిరిగారా?

ఇట్లు,
కొందరు పాఠకులు