పేరు చెప్పకుండా వెళ్లిన పశువైద్యురాలికి కృతజ్ఞతలు

నెలలు నిండిన మా చూడి గుర్రానికి పొట్టకింద, వేలితో నొక్కితే గుంట పడేంత వాపు వచ్చినప్పుడు, ఈ దశలో అది మామూలేనని అందరూ అంటుండగా, పొదుగు ముందుకు జరగడాన్నీ, పిండిన పాలలో నెత్తురు చారనూ గమనించి, పొట్ట కండరాలను కటి ఎముకకు పట్టి ఉంచే స్నాయువు తెగుతోందని గుర్తించిన ఆ పశువైద్యురాలికి మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. ఫీజు మాట ఎత్తితే ఆమె నవ్వి ఊరుకున్నారు.

దూది పరిచి పొట్టచుట్టూ వెడల్పాటి పట్టీ కట్టించారు, నడక మాన్పించారు, గడ్డి తగ్గించి దాణా పెంచమన్నారు. సుమారు 340 రోజుల చూడిలో చివరి వారాలే ఈ గాయానికి ప్రమాదకరమనీ, కవలలున్నా, ఉమ్మనీరు ఎక్కువైనా ముప్పు పెరుగుతుందనీ వివరించారు. పొట్ట గోడ దెబ్బతిన్న గుర్రానికి ముక్కి పిల్లను తోసే బలం ఉండదు కనుక, ఈనేటప్పుడు మనిషి తోడుండాలన్న ఆమె మాట ప్రకారమే కాపలా కాసి, పిల్లను మేమే లాగి తీశాం. తల్లీ పిల్లా క్షేమం. ఇకపై దానిని చూడి కట్టించవద్దన్న సలహానూ పాటిస్తాం.