మూడో మలుపులో రోడ్డు కనిపించదు

రాజోలు
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ దివాన్,

నీ ఉత్తరం సంక్రాంతికి ముందే చేరింది. ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు అక్కడ మస్కట్‌లో కూర్చుని ఎన్ని తిట్టుకున్నావో ఊహించగలను. అన్నీ పుచ్చుకున్నాను, ఇక వదిలెయ్. ఫోన్ చేసి చెప్పవచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క వాక్యం పూర్తి చేయనిస్తావా? ఈసారి అడ్డం పడకుండా నువ్వు వినితీరాలి. అందుకే కాగితం తీశాను.

ఊరి కబుర్లు గబగబా చెప్పేస్తాను. నాన్న మోకాలు నయం. దాళ్వా నాట్లు అయిపోయాయి. కొబ్బరి ధర గురించి అడగకు. అంతర్వేది తీర్థంలో మీ అమ్మగారు కనిపించారు, బాగున్నారు. నీ పెళ్ళి సంగతి నన్ను గుచ్చి గుచ్చి అడిగారు. ఒప్పందం ప్రకారం నేను నోరు విప్పలేదు. మేక విషయం ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అంతే, ఊరు అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. నేను బుద్ధ్ సర్క్యూట్ మీద కారు నడిపాను!

అవునురా, అదే. గ్రేటర్ నోయిడాలోని ఫార్ములా వన్ కార్ల పందెం దారి. 2011 అక్టోబరులో కాకినాడ హాస్టల్ టీవీ ముందు అరవై మందిమి కూర్చుని చూశామే, మన దేశపు డ్రైవర్ నారాయణ్ కార్తికేయన్ కారు తెర మీద కనిపించిన ప్రతిసారీ నువ్వు బెంచీ ఎక్కి అరిచావే, సరిగ్గా అప్పుడే కరెంటు పోతే నువ్వు వార్డెన్‌ని ఏమన్నావో... ఆ మాట ఇక్కడ రాయను, ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. ఆ దారి మీదే.

ఎలా కుదిరిందంటే, బావగారు నోయిడాలో తన పోలో కారుతో ట్రాక్ డేకి డబ్బు కట్టి పేరు రాయించుకున్నారు. పందెం కాదు. మామూలు కార్లవాళ్ళు తమ కార్లు తెచ్చుకుని, ఎదురు వచ్చే వాహనాలు లేని దారి మీద తమకు చేతనైనంత వేగంగా నడుపుకునే రోజు. అన్నీ సిద్ధం చేసుకున్నాక ఆయన నడుము పట్టేసింది. నేను సరిగ్గా ఆ వారం అక్క ఇంట్లో ఉన్నాను. నిర్వాహకులతో మాట్లాడి తన పేరు బదులు నా పేరు రాయించారు. బయలుదేరుతుంటే అక్క, "కారు ఏమైనా ఫరవాలేదు, నువ్వు క్షేమంగా తిరిగి రా" అంది. బావగారు మంచం మీద నుంచే, "రెండూ రావాలి" అన్నారు.

అంతకు ముందు నాలుగు రాత్రులు నేను నిద్రపోలేదు. ఇంటర్నెట్‌లో ఎవరెవరో తీసిన వీడియోలు చూడటం, క్యాలెండర్ వెనక ట్రాక్ బొమ్మ గీయటం, పదహారు మలుపులూ వరసగా అప్పజెప్పుకోవటం. మొత్తం 5.125 కిలోమీటర్లు. హెర్మన్ టిల్కే అనే జర్మన్ గీసిన దారి. ఒకటి కుడి, రెండు చిన్న ఎడమ, మూడు గట్టి కుడి... సుమతీ శతకం కూడా ఇంత శ్రద్ధగా చదవలేదు. అంతా వచ్చేసిందనే అనుకున్నాను.

ఒక్కటి మాత్రం వీడియో చెప్పలేదు. కెమెరాలో ఎత్తుపల్లాలు కనిపించవు. కంప్యూటర్ తెర మీద ఆ దారి మన కోనసీమంత చదునుగా ఉంది. అక్కడికి వెళ్ళి చూస్తే ఒకటో మలుపు నుంచి మూడో మలుపుకు వెళ్ళేలోపు దారి 14 మీటర్లు పైకి లేస్తుంది. 14 మీటర్లంటే ఒక్కసారి ఆలోచించు! నువ్వూ నేనూ పుట్టి పెరిగిన చోట ఎత్తు అంటే ఏటిగట్టు, లేకపోతే చించినాడ వంతెన. గేరు మార్చటం, బ్రేకు తొక్కటం అన్నీ చదును నేల మీదే నేర్చుకున్నాం. ఎత్తు ఎక్కుతూ మలుపు తిరగటమనేది మన కాళ్ళకు తెలియని విద్య.

పొద్దున్నే పొగమంచు. అది విడిచేదాకా ఎవరినీ వదల్లేదు. ఈలోపు కారు తనిఖీ. కదిలే వస్తువు ఏదీ లోపల ఉండకూడదు. మ్యాట్లు, గొడుగు, వెనక డిక్కీలో బావగారు ఏ కాలం నుంచో దాచుకున్న బిందె, అన్నీ దించేశాను. డ్యాష్‌బోర్డు మీది వేంకటేశ్వరస్వామిని కూడా తీయమన్నాడు తనిఖీ అబ్బాయి. ఆయన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాను. దానికేమీ అభ్యంతరం చెప్పలేదు. టైర్లలో గాలి మామూలుకన్నా కొంచెం తగ్గించారు. పరుగెత్తి వేడెక్కాక లోపలి ఒత్తిడి దానంతటదే పెరుగుతుందట. నిజమే, తిరిగి వచ్చాక కొలిస్తే పెరిగింది.

తరవాత పాఠం. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, దాటవద్దు. ఎరుపయితే నెమ్మదించి లోపలికి వచ్చేయాలి. నీలం చూపిస్తే వెనక నీకన్నా వేగంగా ఎవరో వస్తున్నారు, దారి ఇవ్వాలి. కొత్తవాళ్ళ జట్టులో దాటడం తిన్నని దారుల్లోనే, అదీ ముందున్నవాడు చేత్తో సైగ చేస్తేనే. ఇది విని నాకు రావులపాలెం కూడలి గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. పక్కనున్నాయన అనుమానంగా చూశాడు.

నా పక్క సీట్లో శిక్షకుడిగా కూర్చున్నాయనకు యాభై దాటి ఉంటాయి. తెల్ల మీసం, తక్కువ మాటలు. ఆయన హిందీ వేగంగా ఉంటుంది, నా హిందీ సంగతి నీకు తెలుసు, హౌరా స్టేషన్ చాలు. కాబట్టి మా ఇద్దరి మధ్య భాష ఎక్కువగా వేళ్ళతోనే నడిచింది.

మొదట ముందొక కారు నడుస్తుంటే దాని వెనకే మెల్లగా చుట్టి వచ్చాం. ఎక్కడ బ్రేకు వేయాలి, ఎక్కడ స్టీరింగ్ తిప్పాలి, ఎక్కడ లోపలి అంచును తాకాలి, ఎక్కడికి బయటపడాలి, అన్నిచోట్లా కోన్లు పెట్టారు. ఇంత సులువా అనుకున్నాను. ఆ తరవాత మమ్మల్ని మా మానాన వదిలారు.

ఒకటి తిరిగాను. రెండు తిరిగాను. ఇంజన్ గట్టిగా అరుస్తోంది, దారి పైకి లేస్తోంది. ఉన్నట్టుండి ముందు రోడ్డు లేదు! తారు అక్కడితో అయిపోయింది, పైన ఆకాశం. మూడో మలుపు ఆ అవతల ఎక్కడో ఉంది. కాగితం మీద నాకు అది తెలుసు, ఒంటికి మాత్రం తెలియదు. కనిపించని మలుపు వస్తే గట్టు రోడ్డు మీద మనం ఏం చేస్తాం? నా బొటనవేలు దానంతటదే హారన్ మీదకు వెళ్ళింది. మోగించేశాను కూడా. ఫార్ములా వన్ ట్రాక్ మీద, పొద్దున్నే, ఎదురుగా పిట్ట కూడా లేని చోట! పెద్దాయన మీసం ఒక్కసారి కదిలింది. నవ్వారో లేదో హెల్మెట్‌లో తెలియలేదు.

అక్కడి నుంచి ఆయన నాకు నేర్పిందంతా ఆ ఒక్క మలుపే. అయిదు నుంచి తొమ్మిది దాకా గుర్తుపెట్టుకోకు, వాటిలో మెల్లగానే వెళ్ళు అన్నారు. నేనేమో పదహారూ వరసగా ఎక్కాల్లాగా బట్టీ పట్టుకుని వచ్చాను! కారణం తరవాత చెప్పారు, అది విన్నాక నాకు మతి పోయింది. మూడో మలుపు దాటితే కిలోమీటరుకు పైగా తిన్నని దారి. మలుపులోంచి బయటపడేటప్పుడు గంటకు అయిదు కిలోమీటర్లు ఎక్కువ ఉంటే, ఆ అయిదూ ఆ దారి పొడవునా నీతోనే వస్తాయి. అదే రెండు చిన్న మలుపుల మధ్య సంపాదించిన అయిదు తరవాతి బ్రేకులో పోతాయి. కాబట్టి కొత్త ట్రాక్‌కు వెళ్తే పెద్ద తిన్నని దారికి ముందున్న మలుపును మొదట పట్టుకోవాలట. నువ్వు ఇంజనీరువి, నీకు తెలిసే ఉంటుంది, అయినా నాకు చెప్పలేదు.

ఇక కనిపించని రోడ్డు సంగతి. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ ఎక్కుడే నీకు సగం బ్రేకు. భయం చెప్పినచోట కన్నా ఆలస్యంగా తొక్కినా కారు ఆగుతుంది. ఎక్కుడు ముగిసే అంచు దగ్గర మాత్రం కారు తేలికవుతుంది, టైర్లకు నేల మీద పట్టు తగ్గుతుంది. అందుకని గట్టి పనంతా, అంటే బ్రేకు, దానికి ముందే చేసెయ్యాలి. స్టీరింగ్ కొంచెం ఆలస్యంగా తిప్పాలి. లోపలి అంచును కూడా ఆలస్యంగా తాకాలి. తొందరపడి తిరిగితే అవతలి వైపు రోడ్డు అయిపోతుంది, ఆలస్యంగా తిరిగితే ఇంకా మిగులుతుంది. తెలియని మలుపులో మిగలటమే మంచిది కదా. ఇదంతా సరే, ఎటు చూడాలి? కనిపించని రోడ్డును చూడలేం. ఆయన చెయ్యి చాచి, అంచుకు అవతల దూరంగా నిలబడ్డ ఒక స్తంభాన్ని చూపించారు. దాన్నే చూస్తూ ఎక్కాలి. అది ఫలానా చోటికి వచ్చిందా, తల కుడికి తిప్పాలి, కారు తిరగకముందే.

మొదట్లో నా కళ్ళు వినలేదు. బానెట్ ముందు పది గజాల్లోనే తచ్చాడాయి. గట్టు మీద గుంటల కోసం, కోళ్ళ కోసం, ఆరబోసిన వడ్ల కోసం వెతికి వెతికి అలవాటుపడ్డ కళ్ళు కదా. ఆయన ప్రతిసారీ ఒకే మాట, "దూరం చూడు." మధ్యాహ్నం దాటాక ఒకసారి... ఎలా చెప్పను? స్తంభం, బ్రేకు, తల, చేతులు, ఎరుపు తెలుపు అంచు ముందు చక్రం కింద బరబరలాడటం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి వాటంతటవే కుదిరాయి. నేను కాలు ఎప్పుడు పూర్తిగా నొక్కానో నాకే తెలియదు. ఆ పెద్ద తిన్నని దారి అలా విచ్చుకుంది. గట్టిగా అరిచేశాను, తెలుగులో, కాకినాడ తెలుగులో. పెద్దాయన నా భుజం మీద రెండుసార్లు తట్టారు. ఆ రోజు మొత్తానికి ఆయన మెచ్చుకున్నది అదొక్కటే.

ఫార్ములా వన్ డ్రైవర్ వెటెల్ అక్కడ 2011లో ఒక చుట్టు 1 నిమిషం 27 సెకన్లలో కొట్టాడు. నాకు రెండున్నర నిమిషాలకు పైనే పట్టింది. ఎంత పైన అని అడగకు, మన ర్యాంకుల్లాగే అదీ రహస్యం.

ఒక విషయం మాత్రం మనసులో గుచ్చుకుంది. కార్లు ఆగే పిట్స్ ఎదురుగా అంత పెద్ద గ్యాలరీ, అంతా ఖాళీ. 2011, 12, 13, మూడే మూడుసార్లు ఫార్ములా వన్ వచ్చింది, మూడూ వెటెలే గెలిచాడు, ఇక రాలేదు. 2023లో మోటోజీపీ అనే బైకు రేసు ఒకసారి వచ్చింది. హాస్టల్లో కూర్చుని, ఎప్పటికైనా ఆ గ్యాలరీలో కూర్చుందాం అనుకున్నాం. నువ్వు మస్కట్ వెళ్ళావు, నేను చేపల చెరువు దగ్గర ఉన్నాను, రేసు అసలే పోయింది. కుర్చీల వంక చూస్తూ మంచినీళ్ళు తాగుతుంటే కాసేపు ఏమిటోలా అయింది. పక్కన నువ్వు ఉండి ఉంటే... సరే పోనీ.

చివర్లో బ్రేకు పెడల్ మెత్తబడింది. ద్రవం బాగా వేడెక్కితే అలాగే అవుతుందట. బ్రేకు వాడకుండా మెల్లగా ఒక చుట్టు తిరిగి చల్లార్చుకుని రమ్మన్నారు. ఆగాక హ్యాండ్ బ్రేకు వేయవద్దు, గేరులో వదిలెయ్ అన్నారు. ఆ మెల్లని చుట్టులోనే మొదటిసారి ట్రాక్‌ను తాపీగా చూశాను. ఎన్ని ఎత్తులురా బాబూ!

కారు, నేను, జేబులో స్వామి, ముగ్గురం క్షేమంగా ఇల్లు చేరాం. బావగారు టైర్లు చూసి మూలిగారు. అది నడుము నొప్పి కాదని అక్క అంది.

అయ్యో, పది పదకొండు మలుపుల గురించి చెప్పనే లేదు! రెండూ కలిసి ఒకే పొడుగాటి కుడి మలుపు, నేల లోపలికి వాలుగా ఉంటుంది. ఇత్తడి పళ్ళెం అంచున గోళీ తిరిగినట్టు కారు తిరుగుతూనే ఉంటుంది. దాన్లో నేను ఎక్కడ లోపలికి రావాలో చివరిదాకా పట్టుకోలేకపోయాను, పెద్దాయన ఏదో చెప్పారు కానీ ఆ హిందీ నాకు సగమే అర్థమైంది, ఆ సగం ఏమిటంటే రెండుసార్లు అంచు తాకాలని, మొదటిసారి వదిలేసి రెండోదానికే

నాన్న కేకేస్తున్నారు. కాలువలో నీళ్ళు వదిలారట, ఇప్పుడు తూము దగ్గర లేకపోతే మా వంతు పక్క చేనుకు పోతుంది. బొమ్మ గీసి వెనక పెడుతున్నాను, ఎరుపు సిరా నేను వెళ్ళిన దారి, నీలం వెళ్ళవలసిన దారి. జూన్‌లో సెలవు దొరుకుతుందో లేదో వెంటనే రాయి, బావగారిని కారు అడగాలి.

నీ
గట్టు