సైన్యంలో చేసిన వైద్యానికి పాయింట్లు సున్నానా?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మన ప్రభుత్వ డాక్టరును సివిల్ అసిస్టెంట్ సర్జన్ అంటాం. ఆ ‘సివిల్’ ఎందుకొచ్చింది? బ్రిటిష్ కాలంలో జిల్లా ఆసుపత్రుల పెద్ద డాక్టర్లలో చాలామంది ఇండియన్ మెడికల్ సర్వీస్ వాళ్లు. ముందు పటాలంలో చేసి, తర్వాత సివిల్ వైపు మారేవారు. యుద్ధమొస్తే మళ్లీ పటాలానికే. 1947లో ఆ సర్వీసు పోయింది, పేరు మిగిలింది.

పైమెట్టులో సైన్యం నుంచి సివిల్ వైపు దారి అడపాదడపా తెరుచుకుంటూనే ఉంది. సైనిక వైద్యురాలు లెఫ్టినెంట్ జనరల్ మాధురీ కనిత్కర్ 2021లో మహారాష్ట్ర ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. మా గోడు కిందిమెట్టు గురించి: సైన్యంలో చేసి వచ్చి ప్రభుత్వ డాక్టరు కొలువుకు దరఖాస్తు చేసేవారి గురించి.

ఆర్మీ మెడికల్ కోర్‌లో షార్ట్ సర్వీస్ (పరిమిత కాలపు కొలువు) డాక్టరు కెప్టెన్‌గా చేరతారు. మొదట 5 ఏళ్లు, ఆపైన పొడిగిస్తే 5, మళ్లీ 4. 14 దాటదు. బయటికొచ్చాక మన నోటిఫికేషన్లలో మాజీ సైనికులకు వయసు సడలింపు ఉంది: సర్వీసు కాలం, దానిమీద 3 ఏళ్లు. బాగుంది. కానీ 2022 సివిల్ అసిస్టెంట్ సర్జన్ నోటిఫికేషన్ చూడండి. ఎంపికకు పెట్టిన 100 పాయింట్లలో 80 ఎంబీబీఎస్ మార్కులకు, 20 రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు. గిరిజన ప్రాంతంలో ప్రతి 6 నెలలకు 2.5, మిగతాచోట్ల 2. ఉట్నూరు లాంటి గిరిజన ప్రాంతంలో చేసినవారికి ఇవ్వాల్సిందే. సియాచిన్‌లో చేసినవారికి మాత్రం ఏమీ లేదు. వయసు లెక్కలో గుర్తున్న కొలువు పాయింట్ల లెక్కలో గుర్తు లేదు.

పటాలం డాక్టరు పని మందుచీటీతో అయిపోదు. నీళ్లు, వంటశాల, మరుగుదొడ్లు, దోమలు అన్నీ ఆయన పద్దే. నీళ్లనే తీసుకోండి. నీళ్లకు ఎంత బ్లీచింగ్ పౌడర్ కావాలో తేల్చే హోరాక్స్ పెట్టెలో ఒక నల్ల కప్పు, 6 తెల్ల కప్పులు ఉంటాయి. నల్లదాంట్లో 2 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ గడ్డ కట్టకుండా కలిపి, గుర్తు దాకా నీళ్లు పోసి తేరనిస్తారు. తెల్లవాటిలో తాగబోయే నీళ్లు పోసి, ఆ తేట మొదటిదాంట్లో 1 చుక్క, రెండోదాంట్లో 2, అలా ఆరోదాంట్లో 6 వేస్తారు. అరగంట ఆగి స్టార్చ్ అయోడైడ్ చుక్కలు వేస్తే కొన్ని నీలమెక్కుతాయి. స్పష్టంగా నీలమైన మొదటి కప్పు మూడోదైతే, 455 లీటర్లకు 6 గ్రాముల పౌడర్ కావాలి. 20,000 లీటర్ల ట్యాంకుకు సుమారు 264 గ్రాములు. ఊళ్లో జరిగేదేమిటి? మూతి విప్పేసిన సంచిలోంచి డబ్బాతో అందాజుగా పోయడం. గాలి, తేమ తగిలితే క్లోరిన్ పోతుంది. తాజా సరుకులో 33 శాతం దాకా ఉండేది సగానికి పడినా పౌడర్ తెల్లగానే ఉంటుంది. అది కంటికి తెలియదు, కప్పుల్లో తెలుస్తుంది. ఈ పరీక్ష డాక్టర్లందరూ చదివిందే; చేసి, రిజిస్టర్‌లో రాసి, తప్పితే సంజాయిషీ ఇచ్చుకునే అలవాటే అరుదు.

లోటూ చెప్పాలి. పటాలంలో ఎక్కువమంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు. గర్భిణుల తనిఖీ, పిల్లల టీకాలు, టీబీ మందులు మధ్యలో మానేసిన కూలీని వెతికి పట్టుకోవడం పటాలం డాక్టర్లకు అంతగా అలవాటుండవు. పైగా ఇక్కడ ట్యాంకు పంచాయతీది, బిల్లు ట్రెజరీది, ఫోను ఎమ్మెల్యేది. ఆర్డరు వేస్తే పని కదలదు. అందుకే నేరుగా డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) కుర్చీ ఇవ్వమని అడగట్లేదు.

త్రివిధ దళాల్లో చేసిన వైద్య సేవను ఆ 20 పాయింట్లలో కలపండి. ఎత్తైన ప్రాంతాలు, ఫీల్డ్ యూనిట్లకు 2.5, కంటోన్మెంట్ ఆసుపత్రులకు 2. పేచీ ధ్రువపత్రం దగ్గర వస్తుంది. సైనిక విడుదల ఉత్తర్వు, పోస్టింగుల రికార్డు చాలని నోటిఫికేషన్‌లోనే రాయకపోతే పరిశీలనలో దరఖాస్తు పక్కకు పోతుంది. చేరినవారికి వెంగళరావునగర్‌లోని ఆరోగ్య, కుటుంబ సంక్షేమ సంస్థలో 3 నెలల శిక్షణ, తర్వాత 2 ఏళ్లు పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లో పని, ఆ తర్వాతే జిల్లా ప్రోగ్రాం ఆఫీసర్ పోస్టుకు అర్హత. పదోన్నతికి సైనిక సేవలో సగమే లెక్కించండి. మొత్తం కలిపితే పదేళ్లుగా పీహెచ్‌సీలోనే ఉన్నవారు కోర్టుకెళ్తారు, అందులో న్యాయమూ ఉంది.

నోటిఫికేషన్ వెలువడ్డాక మధ్యలో పాయింట్లు మార్చడం కుదరదు కనుక, వచ్చే ముసాయిదాలోనే ఇది చేర్చాలని కోరుతున్నాం.

ఇట్లు,
సైనిక వైద్యంలో, జిల్లా ప్రజారోగ్యంలో పనిచేసిన కొందరు డాక్టర్లు