సొట్ట పడ్డ మర్నాడే షెడ్డుకు ఉరకొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

ముహూర్తాలు మొదలైతే నల్గొండలో హైదరాబాద్ రోడ్డు, దేవరకొండ రోడ్డు వెంట ఫంక్షన్ హాళ్ల ముందు బండ్లు ఎట్లా నిలుస్తాయో మీ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ గుంపులో మస్టాంగో, పోర్షేనో, ఒక స్పోర్ట్స్ కారు కనబడితే దాని పక్కన నిలబడి సెల్ఫీ దిగేవాళ్లు కొందరు, దాని తలుపుకే బైక్ హ్యాండిల్ ఆనించి లోపలికి పోయేవాళ్లు కొందరు. యజమాని భోంచేసి వచ్చేసరికి తలుపు మీద రూపాయి బిళ్లంత సొట్ట, దాని కింద జానెడు గీత. డెంటింగ్, పెయింటింగ్ పని చేసేవాళ్లుగా మేం ఒక మాట చెప్పదలిచాం. ఆ సొట్టతో కారుకు జరిగిన నష్టం తక్కువ. బాధ పట్టలేక మర్నాడు పొద్దున్నే దగ్గర్లోని షెడ్డులో పెట్టి, గీకించి, పుట్టీ పెట్టించి, తలుపంతా రంగు కొట్టిస్తే జరిగే నష్టం దానికి పదింతలు. మా గిరాకీకి మేమే అడ్డం పడుతున్నామని మావాళ్లు కొందరు నవ్వొచ్చు, నవ్వనీయండి.

కంపెనీలో రంగు ఎట్లా పడుతుందో తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నామో తెలుస్తుంది. అక్కడ సీట్లు, వైర్లు ఏమీ లేని ఉత్త బాడీని ప్రైమర్ తొట్టిలో ముంచి కరెంటు పంపుతారు. పైన ఇంకో ప్రైమర్, రంగు, చివర క్లియర్ అనే పారదర్శకమైన పూత వేసి, పై పూతలను 140 డిగ్రీల దరిదాపు వేడిలో కాలుస్తారు. అన్నీ కలిపి మందం 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే రెండు తలవెంట్రుకలంత. అదే పని షెడ్డులో చేస్తే రంగు కొట్టే గది, అంటే బూత్, ఎంత మంచిదున్నా 60 డిగ్రీల దగ్గర ఆపాల్సిందే. అంతకు మించితే లోపల వైరింగ్, ప్లాస్టిక్ కరిగిపోతాయి. కాబట్టి కంపెనీ రంగు కారుకు ఒక్కసారే పడుతుంది. రేపు అమ్మబోతే కొనేవాడు మందం కొలిచే మీటరు తెస్తాడు. మూడు తలుపులకో ఫెండర్లకో 120 చూపించిన మీటరు ఒక్కచోట 400 చూపిస్తే లోపల పుట్టీ ఉందని వాడికి అర్థమవుతుంది, బేరం అక్కడే తెగుతుంది.

మొదటి అరగంటలో చేయాల్సింది వేరే ఉంది. కారు కదపొద్దు. చేతిరుమాలుతో గీతను తుడవొద్దు; మన దగ్గర బండి మీద ఉండేది గ్రానైటు దుమ్ము, ఎర్రమట్టి, ఒక్క తుడుపుకు వంద సన్నగీతలు పడతాయి. దూరం నుంచి రెండు బండ్లూ నంబర్లతో కనబడేలా ఒక ఫొటో, దగ్గర నుంచి పక్కవాటుగా ఒకటి. మూడోది ముఖ్యం: టేపు నేలకు ఆనించి గీత ఎంత ఎత్తున ఉందో కనబడేలా తీయండి. తగిలింది బైక్ హ్యాండిలా, పక్క కారు తలుపు అంచా, ట్రాక్టర్ ట్రాలీ కొక్కెమా అన్నది సగం ఆ ఎత్తే చెబుతుంది. మిగతా సగం గీతలో అంటుకున్న ఎదుటి బండి రంగు చెబుతుంది.

ఆ వెంటనే కెమెరా. ఎక్కువమంది చేరే చోట్ల సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 30 రోజులు దాచాలని 2013లో వచ్చిన ప్రజా భద్రతా చర్యల చట్టం చెబుతోంది. హాలు మేనేజరును ఆ మాట మర్యాదగా గుర్తు చేసి, రాతపూర్వకంగా అడగండి. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో కెమెరా రికార్డరు, అంటే డీవీఆర్ గడియారం ఎప్పుడూ తప్పే ఉంటుంది. అందుకని తెర మీది టైము పక్కన మీ ఫోను టైము పెట్టి ఒక ఫొటో తీసుకోండి. తేడా ఎన్ని నిమిషాలో తర్వాత ఎవరూ వాదించరు. తగిలించినవాడు దొరికి, అక్కడికక్కడే రెండు వేలు చేతిలో పెడతానంటే తీసుకోవద్దు. బంపరు విప్పితే గానీ లోపల ఏం విరిగిందో తెలియదు. అతని బండి నంబరు, ఇన్సూరెన్సు పాలసీ నంబరు, జరిగింది రెండు ముక్కల్లో కాగితం మీద రాయించి సంతకం తీసుకోవడం మేలు. ప్రైవేటు కారు థర్డ్ పార్టీ పాలసీలో ఎదుటివారి ఆస్తి నష్టానికి మామూలుగా 7.5 లక్షల దాకా రక్షణ ఉంటుంది. తాళంచెవితో కావాలని గీసినవాడి సంగతి వేరు. భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షను కింద అది నేరం, ఫిర్యాదు ఇవ్వొచ్చు. పొరపాటున తగిలిన దానికి ఆ సెక్షను పనికిరాదు, దాని కోసం స్టేషను చుట్టూ తిరగడం దండగ.

ఇంటికొచ్చాక కడగాలి. ఇక్కడే మన జిల్లా నీళ్ల గురించి చెప్పాలి. బోరు నీళ్లు ఉప్పగట్టిన నీళ్లు, ఎండలో ఆరితే తెల్లటి వలయాలు పడి క్లియర్‌ను తింటాయి. వాటికంటే చెడ్డవి ఆర్‌వో మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లు. వృథా చేయకూడదని చాలా ఇళ్లలో వాటితోనే కారు కడుగుతారు, కానీ బోరు నీళ్లలోని లవణాలన్నీ చిక్కబడేది వాటిలోనే. ఒక్క తలుపుకు తాగే నీళ్లు మూడు లీటర్లు చాలు. నీడలో, రేకు చేతికి చల్లగా తగిలినప్పుడే కడగండి.

ఆరాక గీతకు అడ్డంగా గోరు గీయండి. గోరు జారిపోతే గీత క్లియర్‌లోనే ఉంది, పాలిష్‌తో పోతుంది. గోరు తట్టుకుంటే రంగు దాకా దిగింది. అడుగున తెల్లగానో, బూడిద రంగుగానో కనబడితే ప్రైమర్ తేలింది. మెరిసే రేకు కనబడితే మాత్రం వాన తగలకముందే మూయాలి, ఉక్కు రేకు అయితే జులైలో వారం చాలు తుప్పు మొదలవడానికి.

గీతలా కనబడేదంతా గీత కాదు. తెల్లగా మందంగా ఉన్నది చాలాసార్లు ఎదుటి కారు రంగు మన క్లియర్ మీద పేరుకున్నదే. తారు మరకలు తీసే ద్రావకమో, ఐసోప్రొపైల్ ఆల్కహాలో మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డకు తడిపి ఆనించి పెట్టి మెల్లగా తుడిస్తే సగం పోతుంది. థిన్నర్ వాడొద్దు. కంపెనీ రంగు కాసేపు తట్టుకుంటుందేమో గానీ, ఇంతకుముందు ఎప్పుడో షెడ్డులో కొట్టిన రంగు మెత్తబడి గుడ్డకు అంటుకొస్తుంది. మిగిలినదానికి చేత్తో రబ్బింగ్ కంపౌండ్, ఆ తర్వాత పాలిష్. మిషన్ పెట్టేవాడైతే ఒకటి గమనించండి: తలుపు అంచులు, బాడీ మీద పొడుచుకొచ్చిన గీరల మీద క్లియర్ పలచన. వాటి మీద టేపు అంటించకుండా మిషన్ పెట్టేవాడి చేతికి స్పోర్ట్స్ కారు ఇవ్వకూడదు. 2000 నంబరు వాటర్ పేపర్, అంటే నీళ్లతో రుద్దే గరుకు కాగితం, వేద్దామన్నా ముందు మీటరు పెట్టమనండి. క్లియర్ మొత్తం 40, 50 మైక్రాన్లే, తీసింది తిరిగి రాదు.

ఇక సొట్ట. రంగు పగలకపోతే, సొట్ట గుండ్రంగా ఉంటే, తలుపు అంచుకు దూరంగా ఉంటే పుట్టీ అక్కర్లేదు. వెనక నుంచి సన్నటి కడ్డీలతో మెల్లమెల్లగా నెట్టి, లైటు నీడ చూసుకుంటూ తీసే పని ఉంది, పీడీఆర్ (పెయింట్‌లెస్ డెంట్ రిపేర్) అంటారు. వెనక చెయ్యి దూరని చోట జిగురు బిళ్లలు అంటించి ముందు నుంచి లాగుతారు. కంపెనీ రంగు అట్లాగే ఉండిపోతుంది. ఈ పని చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది, అందరికీ రాదు. నల్గొండ నుంచైనా, పాలమూరు నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్ల చిల్లరే. రంగు పగలని సొట్ట నెల ఆగినా పెరగదు, నెల ఆగి మంచి పనివాడి దగ్గరికి పోవచ్చు. వీడియోల్లో చూపించే హెయిర్ డ్రయ్యరు, ఐసుగడ్డ చిట్కా రేకు మీద పనిచేయదు. వేడినీళ్లు బంపరు ప్లాస్టిక్‌కు మాత్రమే పనికొస్తాయి, అదీ రంగు చిట్లకపోతేనే.

పని ఒప్పుకునే ముందు ఇంట్లో ఫ్రిజ్జు అయస్కాంతం ఒకటి గుడ్డలో చుట్టి ఆ భాగానికి ఆనించి చూడండి. అంటుకోకపోతే అది ఉక్కు కాదు. మన దేశంలో అమ్మిన మస్టాంగ్‌కు బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియం. 991 తరం పోర్షే 911కు తలుపులు కూడా అంతే. అల్యూమినియం ఉక్కులా మాట వినదు. ఉక్కుకు పాత ఆకారం కొంత గుర్తుంటుంది, నెడితే వెనక్కి వస్తుంది. అల్యూమినియం వంగిన చోట గట్టిపడుతుంది, సుత్తి దెబ్బ ఎక్కువైతే సాగి చీలుతుంది. షెడ్డులో ఉక్కు రేకుకు కరెంటుతో అతికించి సొట్ట లాగే స్పాటర్ మిషన్ దాని మీద పనిచేయదు, దానికి వేరే మిషన్ కావాలి. అన్నిటికంటే ముఖ్యం, ఉక్కు మీద వాడిన గ్రైండింగ్ బిళ్ల, వైరు బ్రష్షు, ఫైలు అల్యూమినియం మీద పెట్టకూడదు. ఆ ఉక్కు రజను అందులో దిగి, ఏడాది తిరగకముందే రంగు కింద తెల్ల బూడిద పుట్టి బొబ్బలు లేస్తాయి. అప్పుడు రంగు బాగాలేదని పెయింటరును తిడతారు, పాపం వాడి తప్పేమీ ఉండదు. ఉక్కు మీద స్పాటర్ పెట్టేటప్పుడైనా బ్యాటరీ వైరు విప్పించండి, లేకపోతే కారులోని కంప్యూటరుకు దెబ్బ. గోవాలో తయారైన శాన్ స్టార్మ్ లాంటి ఫైబర్ బాడీ బండి ఎవరి దగ్గరైనా ఉంటే దానికి పీడీఆర్ అన్న మాటే లేదు. పగులును వి ఆకారంలో తెరిచి, వెనక నుంచి ఫైబర్ మ్యాటు, రెజిన్ వేసుకురావాలి.

బంపరుది ఇంకో మాయ. తగిలితే లోపలికి పోయి మళ్లీ మామూలుగా వచ్చేస్తుంది, పైన చూస్తే ఏమీ ఉండదు. లోపల క్లిప్పులు, బ్రాకెట్ విరిగి ఉంటాయి. పార్కింగ్ సెన్సరు ఉన్న చోట ఎడం పెరిగిందేమో వేలితో తడిమి చూడండి. ముందు రాడార్ ఉన్న కారైతే స్కానర్ పెట్టించి, దాని కోణం సరిచూడకుండా హైవే ఎక్కొద్దు. బంపరుకు రంగు కొట్టేటప్పుడు ప్లాస్టిక్ ప్రైమర్ వేయకపోతే ప్రెషర్ వాష్‌కు పొరలు పొరలుగా లేస్తుంది. చక్రం అంచు గట్టుకు రాసుకుంటే అల్లాయ్ మాట అటుంచి ముందు టైరు పక్కగోడ చూడండి, అక్కడ ఉబ్బు ఉంటే టైరు మార్చాల్సిందే.

ఇన్సూరెన్సు క్లెయిము చేయాలా వద్దా అన్నది లెక్క వేసి తేల్చుకోవాలి. సొంత కారు నష్టానికి కట్టే ఓన్ డ్యామేజీ ప్రీమియం 60,000 అనుకుందాం, మీకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది కాబట్టి 30,000 కడుతున్నారు. ఒక్క క్లెయిముతో బోనస్ సున్నా. వచ్చే ఏడు 60,000, తర్వాత 20 శాతం తగ్గి 48,000, ఆపైన 45,000, 39,000, 33,000. మళ్లీ 30,000కు రావడానికి అయిదేళ్లు, ఈలోపు అదనంగా కట్టింది 75,000. ఏటేటా కారు విలువ తగ్గుతుంది కాబట్టి అసలు లెక్క ఇంతకంటే కొంత తక్కువే ఉంటుంది. అయినా ఎనిమిది వేల పీడీఆర్ పనికి క్లెయిము పెట్టడం మతిలేని పని. బోనస్ కాపాడే యాడ్ ఆన్ తీసుకున్నవాళ్ల సంగతి వేరు. అరుగుదల కోత పడకుండా చూసే జీరో డిప్ యాడ్ ఆన్ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం, ఫైబర్ భాగాలకు 30 శాతం కోత. రంగు సామాను ఖర్చులోనూ 50 శాతం కోత. 1500 సీసీ దాటిన కారుకు పైగా 2,000 తప్పనిసరిగా మీ జేబులోంచే. క్లెయిము పెట్టేటట్టయితే సర్వేయరు చూసేదాకా ఏదీ విప్పనివ్వకండి.

ఒక అపోహ కూడా. సిరామిక్ కోటింగ్ ఉంది కదా, తలుపు తగిలినా ఏం కాదని అనుకునేవాళ్లు చాలామంది. దాని పని నీళ్లు, మురికి నిలవకుండా చూడటం. సొట్టను అది ఆపలేదు. గీతను ఆపేది రంగు మీద అంటించే 150, 200 మైక్రాన్ల పారదర్శకమైన పీపీఎఫ్ ఫిల్ము, అదీ సొట్టను ఆపదు. దుమ్ము పట్టిన కారు మీద కవరు కప్పితే మాత్రం గాలికి ఆ కవరే వాటర్ పేపరవుతుంది.

చివరగా ఫంక్షన్ హాళ్ల యాజమాన్యాలకు. మస్టాంగ్ వెడల్పు అద్దాలు లేకుండా 1,916 మిల్లీమీటర్లు. 2.5 మీటర్ల గడిలో సరిగ్గా మధ్యన నిలిపినా రెండు పక్కలా మిగిలేది తలా 29 సెంటీమీటర్లు. రెండు తలుపుల కార్లకు తలుపు పొడుగు కూడా ఎక్కువ, అందులో తలుపు తెరిచి మనిషి దిగలేడు. సున్నం గీతలు కొట్టడానికి పెద్ద ఖర్చు కాదు. గోడ పక్కన చివరి గడులు రెండు కాస్త వెడల్పుగా గీసి వదలండి. బైకులకు వేరే జాగా చూపించి తాడు కట్టండి, డీజే బండ్లను, జనరేటర్ ట్రాలీని కార్ల వరసలోకి రానివ్వకండి. 'పార్కింగ్ బాధ్యత కారు యజమానిదే' అని బోర్డు పెట్టి మీ మనిషే తాళాలు తీసుకుంటే ఆ బోర్డు కాపాడదు. ఢిల్లీలో వ్యాలేకు, అంటే తాళం తీసుకుని కారు నిలిపే హోటలు మనిషికి, అప్పగించిన కారు దొంగతనం పోయిన కేసులో హోటలుదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2019 నవంబరులో తీర్పు చెప్పింది. అది దొంగతనం కేసు, గీతల కేసు కాదు. అయినా తాళం తీసుకునే ముందు కారు చుట్టూ తిరిగి నాలుగు వైపులా ఫొటో తీసే అలవాటు మీ కుర్రాళ్లకు నేర్పితే గొడవ మీకూ ఉండదు, యజమానికీ ఉండదు.

ఇట్లు,
కార్ల డెంటింగ్, పెయింటింగ్ పనివారు,
నల్గొండ