పడిపోయిన చేత్తో ఎమ్మారైలో పడుకున్నవారికి కృతజ్ఞతలు

పక్షవాతంతో చెయ్యి పడిపోయినా, ఆ చేతిని కదిపేటప్పుడు మెదడులో ఏ చోటు పనిచేస్తుందో చూడటానికి ఎమ్మారై గొట్టంలోకి వెళ్లి, ఆ చప్పుడు భరిస్తూ ముప్పావుగంట తల కదపకుండా పడుకున్న పెద్దలకూ, వాళ్లను తీసుకొచ్చిన ఇంటివాళ్లకూ మా బృందం నమస్కారాలు. ఆ కదలకపోవడంతో ఏం ఒరిగిందో చెప్పకుండా ఊరికే థాంక్స్ అంటే బాగుండదు.

చేతిని ఆడించే చోటు మెదడులో ఆ చేతికి అవతలి పక్కన ఉంటుంది. అడ్డుకోత చిత్రంలో తిరగేసిన ఒమేగా అక్షరంలా చిన్న బుడిపెగా కనబడుతుంది. 30 సెకన్లు పిడికిలి బిగిస్తూ వదులుతూ, 30 సెకన్లు ఊరుకుంటూ ఉంటే అక్కడికి రక్తం ఎక్కువగా వస్తుంది, అదీ ఓ ఐదు సెకన్లు ఆలస్యంగా. దాంతో ఎమ్మారై సిగ్నల్‌లో వచ్చే తేడా (బొమ్మలో రంగుగా చూపేది దీన్నే) నూటికి ఒకటి రెండు, మహా అయితే ఐదు వంతులు. తల రెండు మిల్లీమీటర్లు జరిగితే చాలు, అది మునిగిపోతుంది. బలంలేని చేతిని కదపబోతే భుజం లేస్తుంది, ఊపిరి బిగుస్తుంది, సరిగ్గా అదే తాళంలో తల కూడా ఊగుతుంది. అప్పుడు మెదడు అంచు చుట్టూ నిమ్మతొక్కలా దొంగరంగు పడుతుంది. తర్వాత కంప్యూటర్‌లో దాన్ని విడదీయడం దాదాపు అసాధ్యం. మోచేతి కింద దిండు పెట్టి, పైచేతికి పట్టీ వేసి, చెవుల పక్కన స్పాంజి ముక్కలు దూర్చిన టెక్నీషియన్లకు అందుకే ప్రత్యేకంగా రుణపడి ఉన్నాం. అలారం బల్బును (నొక్కి మమ్మల్ని పిలిచే రబ్బరు బుడ్డిని) మంచి చేతిలో పెట్టాలని ఒక్కసారీ మరిచిపోనందుకు కూడా.

మంచం పక్కన నిలబడి మంచి చేతి వేళ్లనే గమనించిన ఫిజియోథెరపిస్టులది ఇంకో సాయం. పడిపోయిన చేతిని ముడుస్తుంటే రెండో చేతి వేళ్లు కూడా తెలియకుండానే ముడుచుకుంటాయి. అది రాసిపెట్టకపోతే, రెండోవైపు వెలిగిన మచ్చను చూసి మెదడు కొత్త దారి వెతుక్కుందని సంబరపడిపోతాం. మెదడుకు రక్తం తీసుకెళ్లే మెడలోని కెరోటిడ్ ధమని బాగా మూసుకుపోయినవాళ్లలో దీనికి తలకిందులు: మెదడు పనిచేస్తున్నా రక్తం తీరుగా స్పందించక రంగు పడదు. మెడ రక్తనాళాల్లో ప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ రిపోర్టు జాగ్రత్తగా దాచి తెచ్చినవాళ్లు మా పని సగం చేసిపెట్టారు.

చేతికి ఆదేశాలు మోసే నరాల దారిని స్కాన్ నుంచి సాఫ్ట్‌వేర్ గీసిన బొమ్మ చూసి చాలామంది ఇంటివాళ్లు 'తీగ తెగిపోయిందా?' అని కంగారుపడ్డారు. చేతి పోగులకు అడ్డంగా వేరే పోగులు దాటే చోట సాఫ్ట్‌వేర్ దారి తప్పుతుంది. బొమ్మలో గీత ఆగిపోయినంత మాత్రాన నరం తెగినట్టు కాదు.

స్కాన్ చేసేవాళ్లమై ఉండీ ఒక మాట. జబ్బు పడ్డ మూడు రోజుల్లో భుజం పక్కకు ఎత్తడానికి 5కి, వేళ్లు చాచడానికి 5కి మార్కులు వేసి చూసే మంచం దగ్గరి పరీక్షకు ఖర్చు లేదు. రెండూ కలిపి 5 గానీ అంతకుమించి గానీ వస్తే చెయ్యి తిరిగి పనికొచ్చే అవకాశం బాగా ఉన్నట్టే. ఈ పరీక్షతో మొదలై, చెయ్యి ఎంత కోలుకుంటుందో అంచనా వేసే PREP అనే పద్ధతికి 2017లో వచ్చిన సవరణలో ఎమ్మారై మెట్టునే తీసేశారు. ఆ మార్కులు వేళకు వేసి పంపిన వార్డు సిబ్బందికి వందనాలు.

ఇక నల్లపూసలు, పిన్నీసులు తీసి, రాని మెట్టెలను సబ్బునీళ్లతో ఓపిగ్గా జార్చిన అమ్మలకు, కోడళ్లకు మరీ మరీ.